దాంపత్య కలహాలు, వివాహేతర సంబంధాలు: కౌన్సెలింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

దంపతుల కౌన్సెలింగ్ అంటే ఏమిటి? పెద్దమనుషుల్లో పెట్టడానికీ దీనికీ తేడా ఏమిటి?

మన ఇళ్లలో కాపురానికి చిక్కు వస్తే ముందుగా ఆ సంగతి పుట్టింటికో అత్తింటికో చేరుతుంది. అక్కడ తెగకపోతే ఇరువైపుల పెద్దలు కూర్చుంటారు. అక్కడా కుదరకపోతే పోలీస్ స్టేషన్ మెట్లో, వకీలు ఇంటి మెట్లో ఎక్కవలసి వస్తుంది. ఈ దశలన్నింటిలోనూ అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: తప్పెవరిది? పెద్దలు ఏదో ఒక తీర్పు చెబుతారు, ఒకరు తల దించుకుంటారు, ఒకరు నెగ్గినట్టు భావిస్తారు, ఆ తర్వాత ఇద్దరూ అదే ఇంటికి తిరిగి వస్తారు. తల దించుకున్న మనిషి లోపల మిగిలిపోయిన మాట మాత్రం ఎవరి చెవినా పడదు.

కౌన్సెలింగ్‌లో తీర్పు ఉండదు. ఈ పనిలో శిక్షణ పొంది, ఇద్దరిలో ఎవరికీ చుట్టం కాని వ్యక్తి సమక్షంలో, తమ మధ్య ఏం జరుగుతోందో భార్యాభర్తలు నింపాదిగా చూసుకుంటారు. ఏది మారాలో, ఏది మారే అవకాశం లేదో, కలిసి ఉండాలో వద్దో తామే తేల్చుకుంటారు. కాపురాన్ని ఎలాగైనా నిలబెట్టడమే కౌన్సెలర్ పని అని చాలామంది అనుకుంటారు గానీ, నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన పని ఇద్దరి మాటా ఇద్దరికీ పూర్తిగా వినపడేలా చేయడం. విన్న తర్వాత తీసుకున్న నిర్ణయం ఏదైనా, విసురులో తీసుకున్నదానికంటే మెరుగ్గానే ఉంటుంది. మహిళా పోలీస్ స్టేషన్లలో ఫిర్యాదు తర్వాత భార్యాభర్తలను కూర్చోబెట్టి మాట్లాడించడాన్నీ మన దగ్గర కౌన్సెలింగ్ అనే అంటారు. దాని అవసరం దానికి ఉంది. ఇక్కడ చెబుతున్నది మాత్రం ఇద్దరూ ఇష్టపడి వెళ్లే, వారాల తరబడి సాగే ప్రక్రియ గురించి.

ఎలాంటి పరిస్థితుల్లో వెళ్లాలి? చిన్న గొడవలకు కూడా వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, అసలు అప్పుడే వెళ్లడం మంచిది. సాధారణంగా ఒకరు బట్టలు సర్దుకుని పుట్టింటికి వెళ్లిపోయాకో, విడాకుల నోటీసు చేతికి అందాకో కౌన్సెలర్ గుర్తుకు వస్తారు. అప్పటికి కోపం కూడా చల్లారిపోయి ఉదాసీనత మాత్రమే మిగిలి ఉంటే పని చాలా కష్టమవుతుంది. గొడవ పడుతున్నారంటే ఎదుటి మనిషి నుంచి ఇంకా ఏదో ఆశిస్తున్నారని అర్థం. ఒకే విషయం మీద పదే పదే మాటలు పెరుగుతున్నా, డబ్బు, అప్పులు, పిల్లల పెంపకం, అత్తింటి వ్యవహారాలు, శారీరక సాన్నిహిత్యం వంటివి ఎత్తాలంటేనే భయం వేస్తున్నా, ఒకే ఇంట్లో ఉంటూ పిల్లల ద్వారా కబుర్లు పంపుకునే స్థితి వచ్చినా ఆలస్యం చేయకూడదు.

మొదటి సెషన్లలో ఏం జరుగుతుంది?

చాలామంది కౌన్సెలర్లు మొదట ఇద్దరినీ కలిపి, ఆ తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. పెళ్లి ఎలా జరిగింది, మొదట్లో ఎలా ఉండేవారు, ఎప్పటి నుంచి తేడా వచ్చింది, ఎవరి ఇంట్లో ఏ వాతావరణంలో పెరిగారు, ఇంట్లో ఎవరికైనా మద్యం అలవాటు, కుంగుబాటు వంటివి ఉన్నాయా అని అడుగుతారు. చేయి చేసుకోవడం, బెదిరింపులు ఉన్నాయా అని విడిగా ఉన్నప్పుడు తప్పకుండా అడగాలి. అడగని కౌన్సెలర్ ఉంటే అది లోపమే. సెషన్ సాధారణంగా వారానికో రెండు వారాలకో ఒకసారి, గంట నుంచి గంటన్నర వరకు ఉంటుంది. మధ్యలో ఇంటి దగ్గర చేయవలసిన చిన్న చిన్న పనులు అప్పగిస్తారు.

రోజూ అదే గొడవ. కౌన్సెలింగ్‌లో దాన్ని ఎలా మారుస్తారు?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఏ జంట ఇంట్లోనైనా వినిపించగల ఒక సంభాషణ తీసుకుందాం. రాత్రి తొమ్మిదిన్నరకు భర్త తలుపు తీసుకుని లోపలికి వస్తాడు. "మీకు ఎప్పుడూ ఆఫీసే. ఇంట్లో మనుషులున్నారన్న ధ్యాసే ఉండదు" అంటుంది భార్య. "ఎవరి కోసం చేస్తున్నాను ఇదంతా? ఇంటికి వస్తే ఇదే గోల" అని అతను ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోతాడు. ఆమె వెనకాలే వెళ్లి గొంతు పెంచుతుంది. అతను ఇక నోరు విప్పడు. రెండు రోజుల మౌనం. మూడో రోజు మామూలే.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దంపతుల సంభాషణలను ఏళ్ల తరబడి గమనించి, కాపురాన్ని తినేసే తీరులు నాలుగింటిని గుర్తించారు. జరిగిన పనిని వదిలి మనిషి స్వభావాన్నే తప్పుపట్టడం, ఈసడించడం, ప్రతి మాటకూ సంజాయిషీతో ఎదురు తిరగడం, మూగనోము పట్టి తలుపులు మూసుకోవడం. వీటిలో ఈసడింపు అన్నిటికంటే ప్రమాదకరమని ఆయన తేల్చారు. పై సంభాషణలో కనీసం మూడు ఇప్పటికే ఉన్నాయి. మరో ముఖ్యమైన సంగతి కూడా ఆయన పరిశోధనలో తేలింది: దంపతుల మధ్య భేదాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఎప్పటికీ పరిష్కారం కానివే. ఒకరికి పొదుపు, ఒకరికి ఖర్చు. ఒకరికి నలుగురూ కావాలి, ఒకరికి ఏకాంతం కావాలి. సుఖంగా ఉన్న దంపతుల్లోనూ ఈ భేదాలు ఉంటాయి. వాటిని గురించి ఒకరినొకరు గాయపరచుకోకుండా మాట్లాడుకోవడం వారికి తెలుసు.

కౌన్సెలర్ గదిలో అదే సంభాషణను నెమ్మది చేస్తారు. "తొమ్మిదైనా ఆయన రాలేదు, ఫోను కూడా లేదు. ఆ క్షణంలో మీకేమనిపించింది?" అని అడుగుతారు. మొదట ఫిర్యాదే వస్తుంది. మళ్లీ అడిగితే, "ఆయన లెక్కలో నేను లేననిపించింది" అంటుంది ఆమె. ఆ మాట అతను అంతకుముందు విని ఉండడు. అతన్ని అడిగితే, "గుమ్మంలో అడుగు పెట్టగానే ఈ రోజు ఏ తప్పు దొరుకుతుందోనని గుండె దడదడలాడుతుంది, అందుకే పక్కకు వెళ్లిపోతాను" అంటాడు. అతని మౌనం అహంకారమని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. 1980లలో కెనడాలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన భావోద్వేగ కేంద్రిత చికిత్స అనే పద్ధతికి ఇదే పునాది. ఒకరు వెంటపడటం, ఇంకొకరు తప్పించుకోవడం అనే చక్రాన్ని ఇద్దరికీ ఉమ్మడి శత్రువుగా చూపించి, దాని అడుగున ఉన్న భయాన్నీ ఆశనూ మాటల్లోకి తెస్తారు.

దీనితోపాటు కొన్ని తేలికైన అలవాట్లు కూడా నేర్పుతారు. శరీరం ఉద్రేకంతో వేడెక్కి గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ఎంత తెలివైనవారికైనా ఎదుటివారి మాట తలకెక్కదు కాబట్టి, కనీసం 20 నిమిషాలు విరామం తీసుకోమంటారు. అయితే "ఇప్పుడు మాట్లాడలేను, అన్నం తిన్నాక మాట్లాడదాం" అని చెప్పి వెళ్లాలి, చెప్పిన సమయానికి తిరిగి రావాలి. చెప్పకుండా వెళ్లిపోతే అది విరామం అనిపించుకోదు.

మా గొడవలన్నీ అత్తమామలు, పుట్టింటివారి వల్లే. మా ఇద్దరికీ కౌన్సెలింగ్ ఏం ఉపయోగం?

చాలా ఉపయోగం. పెద్దలను మార్చడం ఎవరి చేతిలోనూ లేదు. పెద్దల మాట వచ్చినప్పుడు భార్యాభర్తలు ఏ పక్కన నిలబడతారన్నది మాత్రం వారి చేతిలోనే ఉంది. ఆడపడుచు ఏదో అన్నదని భార్య చెప్పినప్పుడు "మా చెల్లెలు అలాంటిది కాదు" అని భర్త కొట్టిపారేస్తే, అసలు దెబ్బ ఆడపడుచు మాటకంటే ఆ జవాబు దగ్గర తగులుతుంది. అలాగే భర్త తల్లిదండ్రులకు పంపే డబ్బును ప్రతి నెలా లెక్క అడిగితే, అతనికి అది తన కొడుకుతనాన్నే ప్రశ్నించినట్టుగా ఉంటుంది. పెద్దలకు ఎంత చెప్పాలి, ఏది చెప్పకూడదు, పండక్కి ఎవరింటికి వెళ్లాలి, ఎంత డబ్బు పంపాలి అన్నవి ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఒకే మాటగా బయటికి రావడం కౌన్సెలింగ్‌లో ప్రధానమైన పనే. తమ గొడవలోని ప్రతి మాటనూ పుట్టింటికి ఫోను చేసి చెప్పే అలవాటు ఎవరికి ఉన్నా మానుకోవాలి. మీరు మర్నాటికి రాజీ పడతారు గానీ, మీ అమ్మగారు ఆ మాటను పదేళ్లైనా మరచిపోరు.

జీవిత భాగస్వామికి మరొకరితో సంబంధం ఉందని బయటపడింది. వెంటనే ఏం చేయాలి?

మొదటి వారాల్లో పెద్ద నిర్ణయాలు తీసుకోకండి. ఆ సమయంలో నిద్ర పట్టదు, అన్నం సహించదు, కోపం, అవమానం, ఏడుపు గంటకోలా మారుతుంటాయి. తెల్లవారుజామున రెండు గంటలకు లేచి అడిగిన ప్రశ్ననే మళ్లీ అడుగుతారు. వాట్సాప్ మోగితే గుండె ఆగినంత పనవుతుంది. ఫలానా హోటల్ ముందు నుంచి కారు వెళ్తే చేతులు వణుకుతాయి. ఇది పిచ్చి కాదు, బలహీనతా కాదు. పెద్ద ఆఘాతం తగిలిన మనసు అలాగే ప్రవర్తిస్తుంది. నమ్మదగిన ఒకరిద్దరికి మాత్రం చెప్పుకోండి. ఊరంతా తెలిశాక, కలిసి ఉండాలని మీకే అనిపించినా ఆ దారి ఇరుకైపోతుంది. కోపంతో ఫొటోలు, చాట్లు బంధువుల గ్రూపుల్లో పెట్టవద్దు. పిల్లల ముందు దీన్ని ఎత్తవద్దు. చనిపోవాలన్న ఆలోచన ఏ కొంచెం వచ్చినా వెంటనే పక్కనున్నవారికి చెప్పండి, లేదా కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

చాలామంది సిగ్గుతో వదిలేసే విషయం మరొకటి ఉంది. ఆ సంబంధం శారీరకమైతే ఇద్దరూ లైంగిక వ్యాధుల పరీక్షలు చేయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష ఒకే చోట దొరికేవి) హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. వ్యాధి సోకిన వెంటనే పరీక్షలో బయటపడకపోవచ్చు కాబట్టి, మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో అక్కడే అడిగి తెలుసుకుని, అంతవరకు జాగ్రత్తలు పాటించాలి.

నమ్మకం పోయాక కౌన్సెలింగ్ దాన్ని నిజంగా తిరిగి తేగలదా?

కొన్ని జంటల్లో తేగలదు, కొన్నిటిలో తేలేదు. తేగలిగిన చోట కూడా పాత కాపురం తిరిగి రాదు, వేరే కాపురం మొదలవుతుంది. ఈ రంగంలో పేరున్న అమెరికన్ మనస్తత్వవేత్తలు డొనాల్డ్ బాకమ్, డగ్లస్ స్నైడర్, క్రిస్టినా గోర్డన్ ఈ పనిని మూడు దశలుగా చూడమంటారు. మొదటిది దెబ్బను తట్టుకునే దశ. ఇల్లు గడవడం, పిల్లల బాగోగులు, ఎక్కడ పడుకోవాలి, ఎప్పుడు మాట్లాడుకోవాలి వంటివి ఇందులో తేల్చుకుంటారు. రెండోది ఇది ఎందుకు జరిగిందో అర్థం చేసుకునే దశ. మూడోది ఇక ముందుకు ఎలా వెళ్లాలో, కలిసి వెళ్లాలో వేరుగా వెళ్లాలో నిర్ణయించుకునే దశ.

మన దగ్గర పెద్దలు మొదటి దశ నుంచి ఒక్క గెంతుతో మూడో దశకు తీసుకువెళ్లిపోతారు. కాళ్లు పట్టుకుని క్షమాపణ చెప్పించి, "ఇక అయిపోయింది, మరచిపో" అంటారు. మధ్య దశ జరగకుండా మరచిపోవడం ఎవరి తరమూ కాదు. "మగవాడన్నాక అంతే, నువ్వే సర్దుకుపో" అని భార్యకు చెప్పే నోరే, అదే పని ఆమె చేస్తే ఇంట్లోంచి గెంటేయమంటుంది. ఈ రెండు నాల్కల న్యాయం ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది, కౌన్సెలింగ్ గదిలో దానికి చోటు ఇవ్వకూడదు.

రెండో దశలో నాజూకైన ఒక గీత ఉంది, అనుభవం లేని కౌన్సెలర్లు అక్కడే తడబడతారు. దాంపత్యంలో ఒంటరితనం, నిర్లక్ష్యం, సాన్నిహిత్యం లేకపోవడం ఉన్నాయేమో చూడాలి. వాటిలో ఇద్దరి వాటా ఉండవచ్చు. కానీ ఆ ఒంటరితనానికి మోసాన్ని జవాబుగా ఎంచుకున్నది మాత్రం ఒక్కరే. నచ్చనిదాన్ని ముఖాన చెప్పడం, సహాయం కోరడం, విడిపోదామనడం వంటి దారులు వారికీ ఉన్నాయి. "నువ్వు పట్టించుకోలేదు కాబట్టే" అన్న మాటను అంగీకరించే కౌన్సెలింగ్ మోసపోయిన మనిషిని రెండోసారి గాయపరుస్తుంది. అలాగే, కాపురం బాగానే ఉన్నా దారి తప్పేవారు ఉంటారు: చాలాకాలం తర్వాత ఎవరో మెచ్చుకున్నారన్న మైకం, తండ్రి పోయిన దుఃఖం, వయసు మీద పడుతోందన్న బెంగ, మద్యం. కారణం ఏదైనా దాన్ని నిజాయితీగా తవ్వి తీయవలసిన బాధ్యత తప్పు చేసినవారిది.

మొత్తం మీద ఇది నెలలతో తెగదు, ఏడాది దాటినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఒక మెట్టు ఎక్కి రెండు మెట్లు దిగిన రోజులు ఉంటాయి.

వివరాలన్నీ అడగాలా? ఫోన్ తనిఖీ చేయాలా?

ఎప్పుడు మొదలైంది, ఎంతకాలం సాగింది, ఇప్పుడు పూర్తిగా ఆగిందా, డబ్బు ఖర్చయిందా, ఇంకెవరికి తెలుసు అన్నవి తెలుసుకోవడం మీ హక్కు. పడకగది వివరాలు, పోలికలు అడిగితే జవాబు దొరుకుతుంది గానీ, ఆ దృశ్యం ఏళ్ల తరబడి కళ్ల ముందు తిరుగుతుంది. అడిగే ముందు "ఇది తెలిస్తే నా నిర్ణయానికి ఉపయోగమా?" అని ఆలోచించుకోమని కౌన్సెలర్లు చెబుతారు. ఈ ప్రశ్నలు అర్ధరాత్రి పడక మీద కాకుండా సెషన్‌లో అడగడం ఇద్దరికీ మేలు. చెప్పేవారు మాత్రం ఒకేసారి నిజం చెప్పాలి. ఈ రోజు కొంత, పట్టుబడ్డాక మరికొంత చెబితే ప్రతిసారీ గాయం మొదటికి వస్తుంది. మోసంకంటే ఆ విడతల అబద్ధాలే కాపురాన్ని ముంచిన సందర్భాలు చాలా ఉంటాయి.

ఫోన్ విషయంలో, తప్పు చేసినవారు కొంతకాలం తమంతట తాముగా ఫోను, ఎక్కడ ఉన్నదీ, ఖర్చులూ తెరిచి చూపడం మంచిది. అడిగించుకోకుండా ఇచ్చినప్పుడే దానికి విలువ. దొంగచాటుగా నిఘా యాప్‌లు పెట్టడం నమ్మకాన్ని తిరిగి తేదు, పైగా చట్టపరమైన చిక్కులు తెస్తుంది. తెరిచి చూపడానికి ఒక గడువు అనుకోవాలి, ఎందుకంటే జీవితాంతం కాపలా కాస్తూ కాపురం చేయడం ఇద్దరికీ నరకం.

శారీరక సంబంధం లేదు, చాటింగ్ మాత్రమే అంటున్నారు. అదీ మోసమేనా?

దాచవలసి వచ్చిందా అన్నది మొదటి పరీక్ష. ఆ మెసేజ్‌లను చెరిపేస్తున్నారా, ఆ పేరును వేరే పేరుతో సేవ్ చేసుకున్నారా, ఇంట్లో చెప్పుకోవలసిన సుఖదుఃఖాలు ముందు అక్కడికి వెళ్తున్నాయా, భాగస్వామి మీద ఫిర్యాదులు ఆ వ్యక్తికి చెబుతున్నారా అని చూడండి. వీటికి అవునన్న జవాబు వస్తే, జీవిత భాగస్వామి మోసపోయినట్టు భావించడంలో అతిశయం ఏమీ లేదు. స్త్రీ పురుషుల మధ్య స్నేహాన్ని అనుమానించమని దీని అర్థం కాదు. దంపతులుగా మీ హద్దులేమిటో పెళ్లప్పుడు ఎవరూ కూర్చుని మాట్లాడుకుని ఉండరు. ఆ మాట ఇప్పుడైనా జరగాలి.

విడిగా మాట్లాడినప్పుడు నేను చెప్పిన రహస్యాన్ని కౌన్సెలర్ నా భాగస్వామికి చెబుతారా?

ఇది మొదటి రోజే అడిగి తెలుసుకోండి. ఉమ్మడి పనిని దెబ్బతీసే రహస్యాన్ని తమ దగ్గర దాచలేమని, దాన్ని మీరే ఒక సమయంలోగా చెప్పాలని చాలామంది కౌన్సెలర్లు ముందే నియమం పెడతారు. బయటి సంబంధం ఇంకా రహస్యంగా సాగుతుండగా దంపతుల కౌన్సెలింగ్ చేయడం ఒకరిని వంచించడమే అవుతుంది. ఆ సంబంధం ఆపడానికి ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పేయడం గౌరవప్రదం. ఆ మూడో వ్యక్తి అదే ఆఫీసులో పనిచేస్తుంటే ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. పనికి మించిన మాటలు ఆపడం, జరిగిన ప్రతి సంభాషణనూ ఇంట్లో చెప్పడం, వీలైతే టీమ్ మారడం వంటివి కౌన్సెలర్ సమక్షంలో ఒప్పందంగా రాసుకోవచ్చు.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే కూడా దంపతుల కౌన్సెలింగ్‌కు వెళ్లాలా?

వెళ్లకూడదు. భయపడుతున్న మనిషి కౌన్సెలర్ ముందు నిజం చెప్పలేరు, చెబితే ఇంటికి వెళ్లాక దానికి మూల్యం చెల్లించవలసి వస్తుంది. ముందు భద్రత, తర్వాతే మిగతావి. మహిళలు 181 హెల్ప్‌లైన్‌కు, ప్రాణాపాయం ఉంటే ఎవరైనా 112కు ఫోన్ చేయవచ్చు. మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రాల్లో వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక ఆశ్రయం దొరుకుతాయి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద రక్షణ ఉత్తర్వులు, అదే ఇంట్లో నివసించే హక్కు కోరవచ్చు. వివాహేతర సంబంధం ఉందన్న అనుమానంతో కొట్టినా అది హింసే. ఏ తప్పూ చేయి చేసుకునే హక్కును ఇవ్వదు.

నా భాగస్వామి రాను అంటున్నారు. నేనొక్కరినే వెళ్తే లాభమా?

లాభమే. మీ వంతు నడక మారితే గొడవ నడిచే తీరు కూడా కొంత మారుతుంది. రమ్మని పిలిచేటప్పుడు "నీకు కౌన్సెలింగ్ అవసరం" అనకుండా "మనం కలిసి ఎలా ఉండాలో నాకు తెలియడం లేదు, తోడు రా" అని చూడండి. ఒకరు విడిపోవాలని, ఒకరు కలిసుండాలని ఉన్న జంటల కోసం మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం డొహర్టీ వేరే పద్ధతి రూపొందించారు. అందులో ఐదు సెషన్లకు మించకుండా, కాపురాన్ని బాగుచేయడం జోలికి పోకుండా, అసలు బాగుచేసే ప్రయత్నం చేయాలా వద్దా అన్నది మాత్రమే ఒక్కొక్కరితో తేలుస్తారు.

చట్టం ఏం చెబుతోంది? వివాహేతర సంబంధం నేరమా?

భారతదేశంలో ఇప్పుడు నేరం కాదు. భారత శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2018 సెప్టెంబరు 27న కొట్టివేసింది. ఆ సెక్షన్ భార్యను భర్త సొత్తుగా చూసిందన్నది కోర్టు ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి. అయితే 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రకారం అది విడాకులకు కారణంగా ఇప్పటికీ ఉంది. అదే చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, తెలిసి మన్నించిన తప్పును మళ్లీ విడాకులకు కారణంగా చూపడం కుదరదు. కాబట్టి కలిసి ఉండే ప్రయత్నం మొదలుపెట్టేటప్పుడు న్యాయపరంగా మీ పరిస్థితి ఏమిటో ఒకసారి న్యాయవాదిని అడగడం వివేకం.

కేసు ఇప్పటికే కోర్టులో ఉన్నా ఆశ వదులుకోనవసరం లేదు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 9వ సెక్షన్, సాధ్యమైన చోట రాజీకి ప్రయత్నించడాన్ని కోర్టు బాధ్యతగా పెట్టింది. అందుకోసం కౌన్సెలర్లను నియమించే ఏర్పాటు కూడా ఆ చట్టంలోనే ఉంది.

కౌన్సెలర్‌ను ఎలా ఎంచుకోవాలి?

దంపతుల కౌన్సెలర్లకంటూ మన దేశంలో ప్రత్యేకమైన లైసెన్సు లేదు, అందుకే ఎవరైనా బోర్డు పెట్టుకోగలుగుతున్నారు. ఇది ఆందోళన కలిగించే విషయమే. క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి, ఆ నమోదు సంఖ్య అడగడానికి మొహమాటపడవద్దు. సైకాలజీలోనో సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లోనో పీజీ చేసి దంపతుల చికిత్సలో శిక్షణ పొందినవారూ ఈ పని బాగా చేస్తారు. ఏ పద్ధతిలో పనిచేస్తారు, ఎన్ని జంటలతో పనిచేశారు, ఫీజు ఎంత, గోప్యత నియమాలేమిటి అని ముందే అడగండి. మొదటి సెషన్‌లోనే ఒకరి పక్షం వహించేవారు, జాతకాలు చూసి పరిహారాలు చెప్పేవారు, "ఆడవాళ్లే సర్దుకోవాలి" అనేవారు, ఇన్ని వారాల్లో కాపురం చక్కబెడతామని హామీ ఇచ్చేవారు మీకు తగరు. కుంగుబాటో, తాగుడో, తీవ్రమైన అనుమానపు జబ్బో ఉందనిపిస్తే సైకియాట్రిస్టు చికిత్స కూడా అవసరం. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

మేము విదేశంలో ఉన్నాం. తెలుగు కౌన్సెలర్‌తో ఆన్‌లైన్‌లో మాట్లాడవచ్చా?

కోపం, ప్రేమ, అలక మాతృభాషలోనే పూర్తిగా పలుకుతాయి కాబట్టి తెలుగు తెలిసిన కౌన్సెలర్ దొరికితే మంచిదే. అయితే అమెరికాలో మీరు నివసించే రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవారే అక్కడ చికిత్స చేయాలన్న నియమం ఉంది. అది అడిగి చూసుకోండి. డిపెండెంట్ వీసా మీద ఉండి సంపాదన లేని భార్యకు, గల్ఫ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి సెలవులకు మాత్రమే ఇంటికి వచ్చే భర్తకు, కువైట్ వెళ్లిన గోదావరి జిల్లాల మహిళలకు, ఇక్కడ ఉండిపోయిన వారి భాగస్వాములకు ఒంటరితనం వేరే రూపాల్లో ఉంటుంది. దూరంలో అనుమానం తొందరగా పెరుగుతుంది. వారానికి ఒక గంట వీడియో కాల్‌ను డబ్బు లెక్కలకు, పిల్లల చదువులకు కాక కేవలం తమ ఇద్దరి కోసం ఉంచుకోమని కౌన్సెలర్లు అటువంటివారికి మొదటి పనిగా చెప్పడం వృథా పోదు.

చివరికి విడిపోవాలనే నిర్ణయిస్తే కౌన్సెలింగ్ విఫలమైనట్టేనా?

కాదు. ఏడాదిగా విడిగా ఉంటున్న హిందూ దంపతులు హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో విడాకులు కోరవచ్చు. దరఖాస్తు తర్వాత ఆరు నెలలు ఆగాలన్న నియమాన్ని తగిన సందర్భాల్లో కోర్టు సడలించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి ఒకరి మీద ఒకరు బురద చల్లుకునేదానికంటే, కౌన్సెలర్ సమక్షంలో పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో, సెలవులకు ఎక్కడికి వెళ్తారో, భరణం ఎంతో మాట్లాడుకుని విడిపోవడం ఎంతో మేలు.

పిల్లలకు వార్త ఇద్దరూ కలిసి, ఒకే మాటగా చెప్పాలి. "అమ్మా నాన్నా ఇక ఒకే ఇంట్లో ఉండరు, ఇది నీ వల్ల కాదు, నీకు మేమిద్దరం ఉంటాం" అన్నంత వరకు చాలు. మూడో మనిషి ప్రస్తావన, ఎవరు ఎవరిని మోసం చేశారన్న వివరం పిల్లలకు అక్కరలేదు. వారు పెద్దయ్యాక అడిగితే అప్పుడు వారి వయసుకు తగినట్టు చెప్పవచ్చు. చెప్పిన మర్నాడు బడిలో టీచర్‌కు కూడా ఒక మాట చెప్పి ఉంచండి; పిల్లవాడు హోంవర్క్ చేయకపోయినా, ఊరికే ఏడ్చినా వారికి కారణం తెలుస్తుంది.